బొటనవేలు నొచ్చిన వారం

పొద్దున్నే గుంటూరు కొత్తపేటలో ఇడ్లీ కొట్టు మొదలు ఆసుపత్రుల దాకా అందరి చేతులకూ చేతిపొరలు ఎక్కేశాయి. ఉల్లిపొర కన్నా పల్చగా మణికట్టు దాకా అతుక్కునే ఆ తొడుగులో ఎవరో ఒక నిపుణుడి చేతి కదలికలు నిక్షిప్తమై ఉంటాయి. ఎక్కడ ఆగాలో, ఎంత బలం పెట్టాలో అవే వేళ్లకు చెప్పి నడిపిస్తాయి. అలా దాచిన చేతిని గురుహస్తం అంటారు. మంగలికి ఒకటి, దర్జీకి ఒకటి, ఫిజియోథెరపిస్టుకు ఒకటి. వీధి మొదట్లో దోసె, వీధి చివర దోసె ఒకే రుచి. చెడ్డ దోసె తిని చాలా ఏళ్లయిందని ఊరు సంతోషించింది. ఫలానావాడి దోసె కోసం నిలబడి కూడా అన్నేళ్లయిందని ఎవరూ లెక్క వేసుకోలేదు.

తాయారు తన ఫిజియోథెరపీ క్లినిక్ తలుపు తీసి, బల్ల మీద దుప్పటి సర్ది కూర్చుంది. చదువు ముగించి క్లినిక్ పెట్టి ఇంకా ఏడాది కాలేదు. పని వచ్చు, గిరాకీ లేదు. ఈ నెలాఖరుకు గది ఖాళీ చేస్తానని ఇంటివాళ్లకు చెప్పేసింది.

వ్యాపారం తెలిసినవాడికి ఇందులో వింత కనిపించదు. అన్ని కొట్లలోనూ ఒకే సరుకు, ఒకే నాణ్యం ఉన్నప్పుడు కొనేవాడు ఎవరో ఒకరు చెప్పిన కొట్టుకే పోతాడు. తాయారు గురించి చెప్పేవాళ్లు లేరు.

పూర్వం అలా కాదు. కొత్తగా చదువైనవాళ్లు ఒక పెద్ద ఫిజియో దగ్గర చేరి తువ్వాళ్లు అందించేవారు, వేడినీళ్ల సంచులు నింపేవారు. సాయంత్రం టీ దగ్గర ఆ పెద్దాయన నలుగురు డాక్టర్ల ముందు భుజం తట్టి "మా పిల్ల" అంటే చాలు, మర్నాటి నుంచి రోగులు వచ్చేవారు. అయితే ఆ గుమ్మంలోకి అడుగు పెట్టడానికి కూడా ఎవరో తెలిసి ఉండాలి. మిరపకాయల తొడిమలు తీసే తల్లికి పుట్టిన తాయారుకు ఆ రోజుల్లో ఎవరు తెలుస్తారు? ఆ అన్యాయం పోవాలనే గురుసంధాయిని అనే యంత్ర వ్యవస్థ వచ్చింది. చదువైన ప్రతి ఒక్కరికీ ఒక గురుహస్తాన్ని జత చేస్తుంది. పేరు ఉండదు, మొహం ఉండదు, సిఫారసు అక్కర్లేదు. న్యాయమైన బేరమే. కాకపోతే విద్యను ఇచ్చి పరిచయాన్ని తన దగ్గరే ఉంచుకుంది.

గుమ్మం ముందు ఆటో ఆగింది. కర్ర పట్టుకుని ఒక పెద్దాయన దిగాడు. ఎడమ చెయ్యి పక్కన బరువుగా వేలాడుతోంది. ఎడమ కాలు నేలను రాస్తోంది.

"ఖాళీయేనామ్మా?"

"రండి సార్, ఖాళీయే."

"నాకు కావాల్సింది అదే. గిరాకీ ఉన్నచోట ఎవరూ మాట్లాడరు. నా పేరు ప్రణీత్. పక్షవాతం వచ్చి ఆర్నెల్లు. మూడు చోట్లకు పోయా. ఎక్కడికి పోయినా ఒకటే చెయ్యి. మొహం మారుద్ది, చెయ్యి మారదు."

తాయారు ఆయన్ను బల్ల మీద కూర్చోబెట్టి చేతిపొరలు తొడుక్కుంది. ముందు బాగున్న కుడి భుజం చూద్దామని వెనక్కి వెళ్లి మెడ పక్కన కండను నొక్కింది. చూపుడువేలు మడిచి, ఆ కణుపుతో.

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. "నువ్వూ కణుపుతోనే నొక్కుతున్నావేం?"

"అదే పద్ధతి సార్. మా గురుహస్తం ఇట్టాగే నొక్కుద్ది. మాకు పాఠం కూడా చెప్పారు, కణుపు ఒత్తిడి సిద్ధాంతమని."

"సిద్ధాంతమా!" ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. కర్ర కింద పడేదాకా నవ్వాడు. "ఆ సిద్ధాంతం మా ఇంటి బీరువా తలుపమ్మా. దాని సందులో పడి బొటనవేలు చితికింది. సరిగ్గా ఆ వారమే గురుసంధాయిని వాళ్లు నా చేతులు దాచుకుంటామని వచ్చారు. వేలు నొచ్చింది, తగ్గాక రండయ్యా అన్నా. ఏం పర్లేదు సార్, యంత్రం సర్దుకుంటది అన్నారు."

తాయారు నొక్కడం ఆపింది. తన చేతుల వంక చూసుకుంది.

"అయితే ఇవి మీవా?"

"ఇన్నాళ్లూ నా చెయ్యే నన్ను నొక్కుతోంది. ఎక్కడో తెలిసినట్టుందే అనుకుంటానే ఉన్నా."

"మీకు నవ్వులాటగా ఉంది మాస్టారూ! మా బ్యాచ్‌లో అందరికీ ఈ కణుపు వాచి కూర్చుంది. రాత్రిళ్లు నూనె రాసుకుంటున్నాం."

నవ్వు ఆగింది. ఆయన ఆ పిల్ల చెయ్యి ముందుకు లాక్కుని వేలి వాపు చూశాడు. తన చేతులు రాష్ట్రమంతా తిరుగుతున్నాయి. అవి తొడుక్కున్నవాళ్లలో ఒక్కరి పేరూ తనకు తెలియదు, తన పేరు వాళ్లకు తెలియదు. ఒకప్పుడు తన గదిలో పనిచేసిన పిల్లల్లో ఎవరికి చెయ్యి చల్లగా ఉంటుందో, ఎవరికి తొందర ఎక్కువో చెప్పగలిగేవాడు.

"మా రోజుల్లో కొత్తగా వచ్చిన పిల్లకి మొదటి పేషెంటు గురువేనమ్మా. ముందు నా భుజం నేర్చుకో, తర్వాత జనం మీద పడు అనేవాణ్ణి. తియ్యి ఆ పొరలు."

"పొర లేకుండా నేనెప్పుడూ మనిషిని ముట్టుకోలేదు మాస్టారూ."

"మరింకేం. తియ్యి."

తీసింది. ఒట్టి చేతులు తనకే కొత్తగా అనిపించాయి. కుడి భుజం మీద వేళ్లు ఆనించగానే ఆయన "అబ్బా, ఐసుగడ్డ!" అన్నాడు. "రుద్దుకో. పేషెంటుకి ముందు తెలిసేది నీ వైద్యం కాదు, నీ చెయ్యి." ఆమె అరచేతులు రుద్దుకుని మళ్లీ పెట్టింది. "బొటనవేలు వాడు. బలంతో కాదు, నీ ఒంటి బరువు వాలనియ్. పక్కకి. ఇంకా పక్కకి. ఏం తగిలింది?"

"తాడులాగా ఉంది."

"ఆఁ, అదీ! దాని మీద ఆగు. తొందరపడమాక, అదే వదులుద్ది."

కాసేపటికి తాడు మెత్తబడటం ఆమె వేలికి తెలిసింది. పొరలో ఇన్నాళ్లూ చేసిన పనే. కానీ అప్పుడు కండ వదలడం యంత్రానికి తెలిసేది, ఇప్పుడు తనకు తెలిసింది.

"ఇప్పుడు ఎడమ పక్కకి రా," అన్నాడాయన. "అక్కడ నాకు స్పర్శ లేదు. తప్పో ఒప్పో నేను చెప్పలేను. నువ్వే చెప్పాలి."

తాయారు ఎడమ భుజం మీద చెయ్యి వేసింది. జవాబు ఇచ్చేవాళ్లు లేరు. కళ్లు మూసుకుంది. భుజం చివర ఎముక మీదుగా వేలు మెల్లగా కిందికి దించింది. ఒకచోట వేలు లోపలికి దిగింది. కుడి వైపు చూసింది, అక్కడ అలా లేదు. మళ్లీ ఎడమకు వచ్చింది.

"మాస్టారూ, ఇక్కడ సందుంది. వేలు పట్టేంత. చెయ్యి బరువుకి కీలు జారుతోంది. దీన్ని నొక్కకూడదు. ముందు ఆసరా కట్టాలి." ఆగి అడిగింది, "ముందు చూసినవాళ్లు ఏం చేశారు?"

"నొక్కారు. మూడు చోట్లా కణుపుతోనే. పాపం, వాళ్ల తప్పేముంది? నా చేతుల్ని దాచినప్పుడు బల్ల మీద పడుకున్నవాడికి భుజం బాగానే ఉంది."

ఆమె మెత్తని గుడ్డతో పట్టీ కట్టి, చేతిని పైకి సర్ది భుజానికి తగిలించింది. ఆయన అద్దంలో చూసుకున్నాడు. చాలా రోజులకు రెండు భుజాలూ ఒక మట్టంలోకి వచ్చాయి.

"నడిపించాలిగా నన్ను? పద, బయట నడుద్దాం."

"ఎక్కడికి మాస్టారూ?"

"మా పాత దారిలో."

మెల్లగా నడిచారు. ఆయన ప్రతి మలుపు దగ్గరా ఆగి చూపించాడు. ఇక్కడ టీ బంకు ఉండేది, అక్కడ ఎముకల డాక్టర్లంతా చేరేవారు. ఆ పక్కన ఒక మేడ ఉండేది, దాని మీద పిల్లల్ని నిలబెట్టి పరిచయం చేసేవాణ్ణి. బంకు లేదు. మేడ లేదు. తెలిసిన గుమ్మాలు ఒక్కొక్కటీ మూసే ఉన్నాయి. ఆయన నడక బరువెక్కింది. వెనక్కి పోదామా అని తాయారు అడగబోతుండగా ఒక పాత బోర్డు కనిపించింది: డాక్టర్ షాజియా, ఎముకల వైద్యం.

జుట్టు నెరిసిన డాక్టరమ్మ లేచి నిలబడింది. "ప్రణీత్ భాయ్! మీరేనా? నేనింకా మీరు పోయారనుకున్నా!"

"పోదామనే అనుకున్నా షాజియమ్మా. ఈ పిల్ల పట్టీ కట్టి ఆపింది."

డాక్టరమ్మ భుజం తడిమింది, పట్టీని రెండు వైపులా చూసింది. "కీలు జారడం ఎవరు పట్టారు? పొరలకి ఇది దొరకదే."

తాయారు వెనక్కి తగ్గబోయింది. ఆయన కుడి చేతిలోని కర్రను గోడకు ఆనించి, ఆ చేత్తో ఆమె భుజం పట్టుకుని ముందుకు తెచ్చాడు. ఇన్నేళ్లూ ఎందరి గురించో చెప్పిన "మా పిల్ల" అన్న మాటే పెదవుల దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు. ఊళ్లో చేతులన్నీ ఆయనవే అయిన కాలంలో ఆ మాటకు విలువేముంది?

"పేరు తాయారు," అన్నాడు. "ఈమె చేతులు ఈమెవేనమ్మా."

డాక్టరమ్మ బయట బెంచీ మీద కూర్చున్న రోగులకేసి చూసి, "తాయారూ, నీ క్లినిక్ ఏ వీధిలో?" అని అడిగింది.