జహనుమా గల్లీలో వెనక నుంచి పిలుపు

జహనుమాలో ఒక పాడుబడ్డ ఇల్లుంది. దాని పేరెత్తితే పిల్లలే కాదు, మీసాలున్న మగవాళ్లు కూడా మాట మారుస్తారు. చీకటి పడ్డాక అటు పోతుంటే వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారట. పలికారా... మంచాన పడ్డట్టే! మూడోసారి పిలిస్తేనే మనిషి, అప్పటిదాకా తిరిగి చూడొద్దని ఆ గల్లీలో అందరికీ తెలుసు.

సీమోను కరెంటు లైన్‌మన్. స్తంభమెక్కితే భయమెరగడు గానీ, ఆ ఇల్లంటే మాత్రం గుండె దడ. ఆ రాత్రి గల్లీ అంతా కరెంటు పోయింది. తల్లి కాశమ్మ ఉపవాస ప్రార్థన చేసి, కడుపులో మంటతో అల్లాడుతోంది. మెడికల్ షాపులో గ్యాస్ గోలీలు కొని గబగబా వస్తున్నాడు.

సరిగ్గా ఆ ఇంటి ముందు...

"సీమోనన్నా..."

తిరిగి చూడకుండా అడుగు ముందుకేశాడు.

"సీమోనూ..."

ఈసారి మరీ దగ్గరగా! మూడో పిలుపు కోసం చెవులు రిక్కించాడు. రాలేదు. ఒకటే రొప్పు... ఓరగా చూస్తే, తెల్లగా ఏదో ఊగుతూ వస్తోంది.

"యేసయ్యా!" అని పరుగు లంకించుకున్నాడు. అదీ వెంటపడింది. చెప్పు జారి మురుగు మోరీలో పడినా ఆగలేదు.

ఇంట్లో దూరి గొళ్లెం పెట్టాడు. "ఏందిరా, గట్ల వణుకుతున్నవ్?" అంది కాశమ్మ.

"ఏం లేదమ్మా... నువ్వు గోలీ వేస్కో."

ఆమె నోట్లో వేసుకుంది. అప్పుడే తలుపు దబదబా మోగింది.

"గోలీ... మింగొద్దు!"

దెయ్యానికి గోలీ సంగతెలా తెలుసు? సీమోను బిక్కచచ్చిపోయాడు. కాశమ్మే గోలీ ఉమ్మేసి తలుపు తీసింది. గడపలో మెడికల్ షాపు ప్రేమ్‌రాజ్, తెల్లకోటు చెమటతో తడిసి, కూలబడిపోయాడు.

"చీకట్ల చెయ్యి పక్క డబ్బాల పడ్డది... రెండు గోలీల పట్టీలు ఒక్కతీరే ఉంటయ్. నేనిచ్చింది షుగర్ గోలీ. షుగర్ లేని మనిషి, ఖాళీ కడుపుతోని మింగితే... తప్పు నాదే అన్నా, చూడకుండ ఇచ్చిన."

సీమోను తల్లిని గట్టిగా పట్టుకుని ఏడ్చేశాడు.

"పేరు పెట్టి పిలిస్తె ఆగవేందన్నా?" అన్నాడు ప్రేమ్‌రాజ్, నీళ్లు తాగి.

"రెండుసార్లే పిలిస్తివి కద భాయ్! మూడోసారి పిలిస్తె ఆగేటోణ్ణి."

ప్రేమ్‌రాజ్ గ్లాసు కింద పెట్టాడు.

"రెండుసార్లా...? నేను ఒక్కసారే పిలిచిన. మళ్ల పిలవనీకె దమ్మేడిది?"

ఆ రాత్రి ప్రేమ్‌రాజ్ ఇంటికి పోలేదు. కాశమ్మ మంచం పక్కనే చాప పరుచుకుని, నిండా దుప్పటి కప్పుకున్నాడు.