పానా బాబాయి చేతి పని

ఏమండోయ్, పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్లో కథ తెరిచిన అమ్మలూ, ఆఫీసులో ఫైలు చాటున తెరిచిన అయ్యలూ! పాలు పొంగినా, పై అధికారి చూసినా పూచీ మాది కాదు. ఈ కథలో ఒకరు ఒకర్ని నాలుగేళ్ళపాటు మోసం చేశారు. ఎవరన్నది మీరు ఇట్టే కనిపెట్టేస్తారు, "ఓస్, ఇంతేనా" అని పెదవి విరుస్తారు. విరవండి. తెలివైనవాళ్ళను ముంచడమే తేలిక.

ఆ ఆదివారం పొద్దున పిన్ని వీధి తలుపు తీసేసరికి కారు కింద నుంచి రెండు పాదాలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. పాతికేళ్ళుగా కాపురం చేస్తున్న పాదాలే కాబట్టి ఆవిడేమీ కంగారుపడలేదు. వీధి వీధంతా ఆయన్ని పానా బాబాయి అంటుంది. ఆ లెక్కన ఆవిడ అందరికీ పిన్ని అయింది. బాబాయి ప్రింటింగు ప్రెస్సులో మెషీను నడిపేవాడు. నాలుగేళ్ళ కిందట ప్రెస్సుకు తాళం పడింది. చేతులు ఊరుకోవు, చేతిలో డబ్బు ఆడదు. అందుకని పాత కారుకి ఆయిలు మార్చడం, ప్లగ్గులు తుడవడం, బ్రేకులు వేయడం అన్నీ ఇంటి ముందే మొదలుపెట్టాడు. ఒక చిరిగిన చాప, ఒక కిరసనాయిలు డబ్బా, ఒక జాకీ, జాకీ జారినా కారు మీద పడకుండా రెండు చెక్క దిమ్మలు. అదే ఆయన కార్ఖానా.

ఆ కారు పిన్నికి కావాలి. ఆవిడ ఆస్పత్రిలో చీటీలు రాసే కౌంటరులో పనిచేస్తుంది. బాబాయి మొట్టమొదటిసారి ఆయిలు మార్చినప్పుడు అడుగు బోల్టు గట్టిగా బిగించలేదు. ఆస్పత్రి ఆవరణంతా నల్లటి మడుగైంది. డాక్టర్లు ప్యాంట్లు ఎత్తి పట్టుకుని దాటారు. "ఈ పేషెంటుని ముందు లోపల చేర్పించండమ్మా" అని వాచ్‌మన్ జోకు వేస్తే వరసలో ఉన్న రోగులు కూడా నవ్వారు. పిన్నికి తల కొట్టేసినట్టయింది. అప్పట్నించీ ఆయన కారు ముట్టుకున్న ప్రతిసారీ, మర్నాడు ఆస్పత్రి పక్క సందులో కార్లు బాగుచేసే మేస్త్రికి తాళాలిచ్చి, మొత్తం విప్పి మళ్ళీ బిగించమని చెప్పి డబ్బిస్తోంది. సాయంత్రం మేస్త్రి "ఇంక మీకు బెంగ లేదమ్మా" అని తాళాలు తిరిగిస్తాడు. ఇంటికి రాగానే బాబాయి బండి ఎలా ఉందని అడుగుతాడు. వెన్నలా ఉందంటుంది పిన్ని. ఆ పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువ తింటాడు.

అదుగో, దొంగ దొరికిపోయింది కదూ! సరే, కానివ్వండి.

ఆ పొద్దున బాబాయి కారు కింద నుంచి జరిగి వచ్చి, చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. వీధి చివర షెడ్డు ఖాళీ అయిందన్నాడు. ఇరుగుపొరుగు నలుగురు తమ బండ్లు తనకే ఇస్తామన్నారట. అడ్వాన్సుకి పిన్ని పేరున ఉన్న డిపాజిట్టు తీస్తే చాలట. షెడ్డాయనకు మధ్యాహ్నంలోగా మాట చెప్పాలి.

మీకు మోకాళ్ళ నొప్పులంది పిన్ని. ఎండంది, దుమ్మంది, ఈ వయసులో ఎందుకంది. ఒక్కో సాకుకీ బాబాయి దగ్గర ఒక్కో జవాబుంది. మందుల షాపులో పనిచేసే కూతురు, ఆదివారాలు తండ్రికి టార్చి పట్టడం ఆ పిల్ల డ్యూటీ, తల్లి మీద విసుక్కుంది.

"ప్రెస్సు పోయాక నాన్న నోరు తెరిచి అడిగింది ఇదొక్కటేనమ్మా. నీకేంటి అడ్డం?"

"ఊళ్ళోవాళ్ళ ప్రాణాలతో ఆటలు కాదే."

"నీ ప్రాణం నాలుగేళ్ళుగా నా చేతిలోనే ఉంది కదటే," అని నవ్వాడు బాబాయి. "ఏమైనా అయిందా?"

ఆ నవ్వు చూసైనా ఆవిడ నోరు కట్టుకోవలసింది.

"మీ చేతిలో లేదు. మేస్త్రి చేతిలో ఉంది. మీరు చేసిన పనంతా మర్నాడు అతను విప్పి మళ్ళీ చేశాడు. ఆ కారులో మీ చేత్తో బిగించింది ఒక్కటీ లేదు."

కుళాయి కింద గిన్నె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. ఎవరూ కట్టలేదు.

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"వెన్నలా ఉందన్నావే."

బాబాయి జిడ్డు వేలితోనే ఫోను నొక్కి, ఇంట్లో కుదర్లేదు, షెడ్డు ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పేశాడు. తరవాత వెళ్ళి, విప్పి ఉన్న చక్రం ముందు కూర్చున్నాడు. సగంలో ఉన్న బ్రేకు పని వదిలేయడానికి లేదు కదా.

కూతురు తల్లి చెయ్యి పట్టి లాక్కెళ్ళి కారు పక్కన చాప మీద కూలేసింది. కిందికి టార్చి కొట్టి చూడమంది. అడుగు బోల్టు మీద నుంచి పక్కనున్న ఇనుము దాకా సన్నటి ఎర్ర గీత ఉంది.

"నా గోళ్ళరంగు. ఆస్పత్రిలో ఆయిలు కారిన రోజు నుంచి నాన్న ఏది బిగించినా ఇలా గీస్తాడు. వెంట్రుకంత తిరిగినా గీత తెగిపోతుంది. ఇది మూడు నెలల కిందటిది. మేస్త్రి విప్పాడన్నావే, ఏది విప్పాడు?"

పిన్ని వేలు తడి చేసి గీత మీది దుమ్ము తుడిచింది. ఎక్కడా తెగలేదు. మోకాళ్ళ మీద పాక్కుంటూ అవతలి చక్రం దగ్గరికి వెళ్ళింది. అక్కడా అంతే. కిందటి వానాకాలం వేసిన బ్రేకు మీదా అంతే. చుట్టూ తిరిగి మొగుడి దగ్గరికి వచ్చి ఆగింది.

"ఏవండీ, మీ పని మీకు తెలుసుగా. ఇందాకే చెప్పొచ్చుగా. ఆ ఫోను ఎందుకు చేశారు?"

"నువ్వు అనగానే తెలిసింది, వాడు ముట్టుకోలేదని. బోల్టుల సంగతి నాకు తెలుసు. నీ దగ్గర నా విలువెంతో అదే తెలియలేదు. అది తెలిశాక షెడ్డు పెట్టుకుని ఏం చెయ్యను?"

పిన్ని తనే షెడ్డాయనకు ఫోను చేసింది. ఇప్పుడే ఎవరో వచ్చి అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారని చెప్పాడాయన. ఆవిడ జిడ్డు చాప మీదే కూలబడి ఏడ్చింది. బాబాయి ఓదార్చలేదు. లేచి వెళ్ళమనీ అనలేదు. చాలాసేపటికి, ఆ గుడ్డ ఇలా ఇవ్వమన్నాడు. ఆవిడ అందించింది. సాయంత్రం దాకా పానాలు అందిస్తూనే ఉంది.

సోమవారం పొద్దున తాళాలు చేతికిస్తూ, "మేస్త్రి దగ్గర ఆపేపనైతే నాకు చెప్పి వెళ్ళు" అన్నాడు.

"ఆపుతానండీ. పనికి మాత్రం కాదు."

ఆవిడ వెళ్ళేసరికి మేస్త్రి సామానంతా బండికి ఎత్తిస్తున్నాడు. మంచి షెడ్డు దొరికిందమ్మా, మీ వీధి చివరే, ఎవరో నోటిదాకా వచ్చింది వదులుకున్నారట అని సంబరంగా చెప్పాడు. పిన్ని కారు తలుపు మూసి, గీతల సంగతి అడిగింది. అతను తడబడనైనా లేదు.

"మొదటిసారి కింద దూరి చూశానమ్మా. బోల్టు బోల్టుకీ గీత. అలా గీసుకునే మనిషి పని విప్పి చూడక్కర్లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు? నాలుగేళ్ళు డబ్బు దేనికి తీసుకున్నావు?"

"ఆయన పని ఎలా ఉందని మీరు ఒక్కనాడైనా అడిగారా? తాళాలిచ్చినప్పుడల్లా 'మా ఆయనకి తెలియనివ్వకు' అనేవారు. నేను తీసుకుంది దానికే. ఆ పని మాత్రం నాలుగేళ్ళూ నిజాయితీగా చేశానమ్మా."