రెండో రకం ముద్ర

పొద్దున్నే టీ గ్లాసు కిటికీ గట్టున పెట్టి, కాగితమ్మ ముందుగది మూలని జానలతో కొలుస్తోంది. కోడలికి నెలలు నిండుతున్నాయి. బిడ్డ పడుకునే ఊచల మంచం ఇక్కడ పడాలి, బట్టల బీరువా అక్కడ, పాలిచ్చే కుర్చీ కిటికీ పక్కన. ఎదురింటావిడ తన గుమ్మంలో నిలబడి చూసినా సరే, కళ్లు చెదరాలి.

కాగితమ్మ అసలు పేరు ఇంట్లోవాళ్లే మర్చిపోయారు. పిల్లల మంచాలు చేసే కార్ఖానాలో చేరిన రోజు నుంచి మొన్న పనిలోంచి దిగిపోయేదాకా ఆమె పని ఒకటే. ఉప్పు కాగితం పట్టి చెక్కని నున్నగా రుద్దడం. ఆ పనే పేరైపోయింది. ఆమె రుద్దిన మంచాల్లో ఎంతమంది పిల్లలు నిద్రపోయారో! ఆ మంచాన్ని కార్ఖానా ముందు వైపు దుకాణంలో పూర్తి ధర పెట్టి కొన్న పనివాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. చెక్కలో కణుపు కనపడినా, ఒక ఊచ రంగు తేడాగా ఉన్నా, ఎర్రసిరాతో 'రెండో రకం' అని ముద్ర గుద్ది వెనక గేటు దగ్గర పడేస్తారు. పనివాళ్లు కొనుక్కునేది అదే. కొని, దుప్పటి కప్పి, ఎవరి కంటా పడకుండా ఇంటికి తెచ్చుకుని, తలుపేసుకుని ఆ ముద్రని రుద్దేస్తారు. కాగితమ్మ ఇంట్లో బల్ల, స్టూలు, అలమర, దేన్ని తిప్పి చూసినా చెక్క తెల్లబడిన మచ్చ ఒకటి ఉంటుంది.

ఫోను మోగింది. తడిజుట్టుతో అటుగా వచ్చిన కోడలు ఎత్తింది.

"ఎవరూ? ఏ అడ్వాన్సు? ఎవరు కట్టారు?"

కాగితమ్మ జాన చాచిన చోటే ఆగిపోయింది.

కోడలు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేస్తుంది. అక్కడి ఆడవాళ్లందరి తరఫునా మాట్లాడేది తనే. నోరు తెరిస్తే నాలుగు వరసల అవతలికి వినపడుతుంది. కాగితమ్మ చాటుగా 'మైకు' అంటుంది. ఇప్పుడా మైకు ఫోను పెట్టేసి ఇటు తిరిగింది.

"అత్తయ్యా, ముందు దుకాణంలో మంచం, బీరువా, కుర్చీ మొత్తం సెట్టుకి అడ్వాన్సు కట్టారట. నిజమేనా?"

"కట్టాను. అయితే?"

"అయితేనా! దాని ధరెంతో తెలుసా మీకు?"

"నాకు తెలీకపోతే నీకు తెలుస్తుందా? జీవితమంతా దాన్ని రుద్దినదాన్ని నేను."

"మీ సర్వీసు డబ్బులన్నీ ఊడ్చుకుపోతాయి!"

"నా డబ్బు, నా మనవడు. మధ్యలో నీకేంటమ్మాయ్?"

"మనవరాలైతే?"

"మనవరాలైతే ఇంకో కుర్చీ కూడా కొంటాను!"

నోట్లో బ్రష్షుతో కొడుకు గుమ్మంలోకొచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "ఏంటీ గొడవ, వీధి చివరికి..."

"నువ్వు మాట్లాడకు!" ఇద్దరూ ఒక్కసారే కసిరారు. వాడు మళ్లీ బ్రష్షు నోట్లో పెట్టుకున్నాడు.

"మనం ముగ్గురం కూర్చుని అనుకున్నది మర్చిపోయారా?" కోడలు నిలదీసింది. "నాకిచ్చేది జీతం లేని సెలవు. ఆ ఆర్నెల్లూ మీ డబ్బుతో ఇల్లు గడుపుదాం, నేను పనిలోకెళ్లాక మళ్లీ కూడబెడదాం అని మీరే అన్నారు."

"అన్నాను. ఇప్పుడంటున్నాను, తొందరగా పనిలోకెళ్లు. పిల్లని నేను చూసుకోలేనా?"

"ఫ్యాక్టరీ గేటు ముందు ఎండలో కూర్చుని సాధించుకున్న సెలవు అత్తయ్యా అది! మొదట తీసుకోబోయేది నేను. నేనే చేతిలో పైసా లేదని మధ్యలో పరిగెత్తుకెళ్తే మేనేజరు ఊరుకుంటాడా? 'చూశారా, మీకెందుకమ్మా సెలవులు' అంటాడు. నా వెనక ఇంకొకతె నోరెత్తదు."

"నీ పోరాటం నీదైతే నా పోరాటం నాది!" కాగితమ్మ గొంతు కూడా లేచింది. "నీకేం తెలుసు? వీణ్ణి కన్న పచ్చి ఒళ్లు ఆరకముందే పనిలోకెళ్లాను. వీణ్ణి బల్ల కింద అట్టపెట్టెలో పడుకోబెట్టి, బల్ల మీద మంచాలు రుద్దాను. ఊరందరి పిల్లలకీ మంచాలు, నా కొడుక్కి ఆ మంచాలు కట్టి పంపే పెట్టె! చెక్కపొడి పడుతుంటే నా తలగుడ్డ తీసి వాడి మీద కప్పాను. సాయంత్రం పెట్టెతో సహా మోసుకొస్తుంటే ఎదురింటావిడ ఏమందో తెలుసా? 'అట్టపెట్టెలో ఏం సరుకు తెచ్చావే' అంది. అంతే. మీసాలొచ్చి, పెళ్లయినా, ఈ వీధికి వాడు అట్టపెట్టే. నా మనవడికి అలాంటి పేరు రానివ్వను. చచ్చినా రానివ్వను!"

కొడుకు నోరు కడుక్కుని వచ్చాడు.

"అమ్మా, ఆ పేరంటే నాకెప్పుడూ బాధ లేదే. ఆ పెట్టె మీద 'ఈ వైపు పైకి' అని బాణం ఉండేదని నువ్వే చెప్పావు. అందుకే నన్నెవడూ తలకిందులు చెయ్యలేకపోయాడు."

కాగితమ్మ నవ్వలేదు. గోడకి ఆనుకుని నేల మీద కూలబడింది. కోడలు నడుం పట్టుకుని, ఆపసోపాలు పడుతూ వచ్చి ఆమె పక్కనే చతికిలబడింది. ఈసారి గొంతులో మైకు లేదు.

"అత్తయ్యా, కోపం తెచ్చుకోకుండా చెప్పండి. వాడు పెట్టెలో ఏడుస్తున్నప్పుడు మీకు ఏం కావాలనిపించేది? మంచమా?"

కాగితమ్మ కళ్ల ముందు ఆ బల్ల కనపడింది. వాడు ఏడ్చేవాడు. మేస్త్రీ ఇటు చూసేవాడు. చేతులు చెక్క మీద ఆడుతూనే ఉండేవి, కాలి బొటనవేలు పెట్టె అంచుని ఊపుతూ ఉండేది. రొమ్ములో పాలు పొంగి జాకెట్టు తడిసిపోయేది. అప్పుడు మంచం గుర్తొచ్చిందా? ఏ రోజూ రాలేదు.

"ఇంటికి పోనిస్తే చాలనిపించేదే," అంది. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు. అనగానే ఏడుపు తన్నుకొచ్చింది.

కోడలు ఆమె గరుకు చేతిని తన పొట్ట మీద పెట్టుకుంది. "పెట్టె మీ సిగ్గు కాదు. మిమ్మల్ని ఇంటికి పోనివ్వనివాడి సిగ్గు. దాన్ని మీరెందుకు మోస్తారు, ఇన్నేళ్లు దుప్పటి కప్పి మరీ? నేను ఏరి కోరి చేసుకున్నది అట్టపెట్టెనే."

"ఏదో మొహమాటానికి చేసుకుందమ్మా," అన్నాడు కొడుకు. ఈసారి కాగితమ్మకి ఏడుపులో నవ్వొచ్చింది.

ఆ మధ్యాహ్నమే ముగ్గురూ దుకాణానికెళ్లారు. ముందు తలుపు లోంచి కాగితమ్మ లోపల అడుగుపెట్టడం అదే మొదలు. దీపాల కింద మంచం తళతళలాడుతోంది. ఎదురుగా ఉన్న కుర్చీలో ఒకసారి కూర్చుంది. మెత్తగానే ఉంది. లేచింది.

"కట్టిన అడ్వాన్సు తిరిగివ్వడం మా పద్ధతి కాదమ్మా," అన్నాడు అమ్మేవాడు.

కోడలు ఊపిరి పీల్చింది. రాబోయేదేంటో తెలిసి కాగితమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "ఉండవే. ఈ ఒక్కసారి నన్ను మాట్లాడనీ." వాడి వైపు తిరిగింది. "తిరిగివ్వొద్దు బాబూ. దానికి సరిపడా పరుపియ్యి. మంచిది చూసియ్యి. పరుపు మాత్రం మొదటి రకమే కావాలి."

అక్కణ్ణుంచి వెనక గేటుకెళ్లారు. ఒక్కో మంచాన్నీ తడిమి, కదిపి, కాళ్లు గట్టిగా ఉన్నదాన్ని ఏరింది. ఒక ఊచలో కణుపుంది, అంతే లోపం. తలగడ వైపు చెక్క మీద ఎర్రటి ముద్ర. గేటు దగ్గరి కాపలావాడు అలవాటుగా పాత దుప్పటి తీశాడు. "ఇంద కాగితమ్మా, కప్పుకెళ్లు."

"వద్దు," అంది కాగితమ్మ. "గాలి తగలనీ."

పట్టపగలు వీధి మధ్య నుంచి మంచం నడిచింది. పరుపు లోపలేసి ఒక వైపు కొడుకు, ఒక వైపు తను. ముందు కోడలు, పొట్ట మీద చెయ్యేసుకుని, "తప్పుకోండి, తప్పుకోండి, దొరసాని మంచమొస్తోంది!" అని మైకు పూర్తిగా పెట్టేసింది.

ఎదురింటావిడ గుమ్మంలోకి రానే వచ్చింది. చూపు సూటిగా ముద్ర మీద పడింది. "ఏంటి వదినా, రెండో రకమా?"

కాగితమ్మ తన వైపు మంచం కాళ్లని నడివీధిలో దించింది. నడుం నిటారు చేసింది.

"అవును వదినా, మంచం రెండో రకమే. కోడలు మాత్రం మొదటి రకం. కొట్లాడి సెలవు తెచ్చుకుంది. ఆర్నెల్లు బిడ్డతో ఇంట్లోనే ఉంటుంది, నా డబ్బు మీద! మన కాలంలో మనకెవరికైనా దొరికిందా?"

ఎదురింటావిడ కూడా వేరే కార్ఖానాలో సీసాలు కడిగి పిల్లల్ని పెంచిందే. "లేదొదినా," అంది మెల్లగా. మెట్లు దిగి వచ్చి మంచానికి ఒక మూల పట్టుకుంది.

మంచాన్ని ముందుగదిలో దించాక, కొడుకు అలవాటు కొద్దీ ఉప్పు కాగితం ముక్క తెచ్చిచ్చాడు. "ముద్ర తీసేద్దామా అమ్మా?"

కాగితమ్మ ఆ ముక్కని బొటనవేలితో తడిమి చూసుకుంది. వంగి, బిడ్డ చెయ్యి తగిలే చోట కణుపుని నాలుగు రుద్దులు రుద్దింది. ఉఫ్ అని పొడి ఊదింది. ముద్ర జోలికి పోలేదు. లేచి, వీధిలోంచి చూసినవాళ్లకి అది బాగా కనపడేలా మంచాన్ని తిప్పి పెట్టింది.