నీళ్ళ ట్రయల్

స్ప్రేయర్ మెకానిక్‌ని ఉదయం ఆరింటికి షెడ్డులోనే కాల్చి చంపారు. ఏడింటికల్లా కొత్త మెకానిక్ వేషంలో ఏజెంట్ పిచ్చుక ట్రాక్టర్ సీటులో ఉన్నాడు.

టోపీలోని ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు పలికింది. "పదింటికి నారింజ తోటలో కొత్త స్ప్రేయర్ డెమో. మెకానిక్‌ని చంపింది విదేశీ ముఠా. ట్యాంకులో చెట్లని చంపే ఫంగస్ కలిపి చల్లించాలని వాళ్ళ ప్లాన్. చూడ్డానికొచ్చే నలభైమంది రైతుల బట్టల మీద అది నలభై తోటలకి పాకుతుంది."

"డెమో ఆపేస్తే పోదా సార్?"

"ముఠా మనిషెవరో తెలీకుండా పోతుంది. అక్కడ మన మొక్కల డాక్టరమ్మ ఉంది. కోడ్ చెబుతుంది."

తొమ్మిదీ నలభైకి ఆమె వచ్చింది. నల్లకళ్ళద్దాలు, మెడలో సిల్కు స్కార్ఫ్.

"ఆకు వెనక తడుస్తుందా?"

"గాలి తోడుంటే."

ఆమె గొంతు తగ్గించింది. "కంపెనీ ఇంజనీరే వాళ్ళ మనిషి. మత్తిచ్చి వ్యాన్‌లో పడేశాను. ట్యాంకు కడిగించి మంచినీళ్ళు పోయించాను. ధైర్యంగా ట్రయల్ కానివ్వండి."

పదయింది. ఆకులకి పసుపు కాగితాలు తగిలించారు. చుక్క పడితే అవి నీలంగా మారతాయి. పిచ్చుక ఫ్యాన్ ఆన్ చేశాడు. గాలి దెబ్బకి ఆకులన్నీ వెనక్కి తిరిగాయి. ఇక లివర్ లాగితే నాజిల్స్ తెరుచుకుంటాయి.

"ఇంకాస్త దగ్గరికి జరగరా, ఇవాళ్టికి స్నానం తప్పుతుంది," ఓ ముసలి రైతు పక్కవాణ్ణి ఆటపట్టించాడు.

వట్టి నీళ్ళకి గాలి ఎటు వీస్తోందో ఎవరు చూస్తారు?

డాక్టరమ్మ చూసింది. గాలివాటం తెలియడానికి ట్రాక్టర్ మీద కట్టిన రిబ్బన్ చూసి, యంత్రాన్ని చుట్టి గాలి వచ్చే వైపుకి వెళ్ళింది. స్కార్ఫ్ ముక్కు మీదకి లాక్కుంది.

లివర్ మీద పిచ్చుక చెయ్యి ఆగిపోయింది.

"డాక్టరుగారూ, ఇటొచ్చి నిలబడండి. కాగితాలు మీరే చూడాలి."

"ఇక్కణ్ణుంచి కనిపిస్తున్నాయి."

"వట్టి నీళ్ళేగా. తడిసినా బట్టలు ఆరిపోతాయి."

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ తీసింది. "లివర్ లాగు. లేదా ముసలాయన్ని కాలుస్తాను."

"సరే."

పిచ్చుక లాగింది లివర్ కాదు, థ్రాటిల్. ఫ్యాన్ ఒక్కసారిగా రెండు పక్కలా హోరెత్తింది. దుమ్ము, ఎండుటాకులు ఆమె ముఖాన్ని కమ్మేశాయి. గురి తప్పిన గుండు అతని టోపీని ఎగరగొట్టింది. ఆమె కళ్ళు తెరిచేలోగా దూకి మణికట్టు మెలిపెట్టాడు. పిస్టల్ మట్టిలో పడింది.

కాగితాలన్నీ పసుపుగానే ఉన్నాయి.

ముసలి రైతు ఫ్యాన్ చుట్టూ తిరిగి చూశాడు.

"మిషన్ బాగుందబ్బాయ్," అన్నాడు తాపీగా. "మందు చుక్క పడకుండానే పురుగు రాలింది."