చొక్కా చేతుల ముడి

మా లాండ్రీలో ఎనిమిది మిషన్లు. గుండ్రటి అద్దాల తలుపులు, వాటి వెనక తిరిగే బట్టలు, సబ్బు వాసన, ఓ మూల తడి సాక్సుల కంపు. బట్టలు వేసి బజారుకి పోయేవాళ్లు పోతారు. వాళ్లు తిరిగొచ్చేలోగా మిషన్ ఆగితే, బట్టలు బుట్టలోకి తీసి, తర్వాతివాళ్లకి మిషన్ ఖాళీ చేసి ఇవ్వడం మా పని. మా పని అంటే నాదీ, మా చెల్లెలు బుల్లిదీ.

బుల్లికి ఓ పద్ధతుండేది. ఒకరి బట్టలు ఇంకొకరి వాటిలో కలవకుండా, బుట్టలో పైనున్న రెండు చొక్కాల చేతులు కలిపి ముడి వేసేది. ఎడమచేతివాటం పిల్ల, అందుకని ఆ ముడి తిరగబడి ఉండేది. విప్పేసరికి నాకే తలప్రాణం తోకకొచ్చేది.

అలాంటి పిల్లకి దొంగ అన్న పేరు అంటగట్టింది, మా దగ్గరికి బట్టలు తెచ్చే ఓ టీచరమ్మ. కోటు జేబులో ఉంగరం మరిచిపోయిందట, బట్టలు తీసింది బుల్లి కాబట్టి బుల్లే కొట్టేసిందట. నలుగురిలో దులిపేసింది. ఓనరు అప్పటికప్పుడే బుల్లిని పనిలోంచి తీసేశాడు. ఇంకే లాండ్రీవాళ్లూ గుమ్మం తొక్కనివ్వలేదు. చివరికి కొత్త మేడలకి అద్దాలు తుడిచే పనిలో చేరి, నాలుగో అంతస్తు నుంచి పడి చచ్చిపోయింది.

టీచరమ్మ మాత్రం ఇంట్లోకి సొంత మిషన్ కొనుక్కుంది. "దొంగచేతులు పడ్డ చోట నా బట్టలు ఉతకను" అని ఓనరుతో చెప్పి మరీ వెళ్లింది. ఆవిడ నాశనమైపోవాలని రోజూ కోరుకున్నాను. దాచడం ఎందుకు, అందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

మూడు నెలలకి, ఓ ఆదివారం మధ్యాహ్నం, వానలో తడుస్తూ పెద్ద సంచితో మళ్లీ మా లాండ్రీకే వచ్చింది టీచరమ్మ. మొహం పీక్కుపోయింది. మెడకి పొడుగాటి ఊలు స్కార్ఫ్. లోపల నలుగురు కస్టమర్లు బెంచీ మీద కునికిపాట్లు పడుతున్నారు.

"ఏం మేడం, సొంత మిషన్ అలిగిందా?" అన్నాను.

ఆవిడ సంచి విప్పి చూపించింది. తడి చొక్కాలు. చేతికి చెయ్యి, ముడి మీద ముడి. అన్నీ తిరగబడ్డ ముళ్లే.

"ఇంట్లో ఏం వేసినా ఇలాగే వస్తున్నాయి," గుసగుసగా అంది. "నిన్న పొద్దున లేచేసరికి... నా ఒంటిమీది చొక్కా చేతులే, నా వీపు వెనక కట్టేసి ఉన్నాయి."

నాకు భయం వేయాల్సింది. సంతోషం పొంగింది. బాగా చేశావే బుల్లీ, అనుకున్నాను.

"ఒక్కసారి ఇక్కడ ఉతికి, నీ చేత్తో తీసిపెట్టమ్మా. అక్కవి, నీ మాట వింటుందేమో."

"ఇంతకీ ఉంగరం దొరికిందా మేడం?"

తల దించుకుంది. "ఆ సాయంత్రమే... నా హ్యాండ్‌బ్యాగ్‌లో. చెప్పడానికి నామోషీ అయింది."

"అయితే ఇప్పుడు చెప్పండి. ఈ నలుగురూ వినేలా."

"బడిలో నా పరువు పోతుందమ్మా."

పరువట! నా చెల్లెలి ప్రాణం పోతే, ఈవిడకి పరువు కావాలి. సంచిలోవన్నీ నాలుగో మిషన్‌లో కుక్కాను. ఆవిడ పక్కనే వంగి చూస్తోంది. స్కార్ఫ్ కొస లోపల పడింది. నేను చూశాను. చూసే తలుపు మూశాను.

నీళ్లు నిండాయి. డ్రమ్ము మెల్లగా తిరిగింది. నురగలో స్కార్ఫ్ కొస, దాని పక్కన ఓ చొక్కా చెయ్యి... వాటంతట అవే ముడి పడుతున్నాయి. నెమ్మదిగా... ఓపిగ్గా... తిరగబడ్డ ముడి.

స్కార్ఫ్ బిగిసింది. టీచరమ్మ నుదురు ఠప్పున అద్దానికి తగిలింది.

"ఆపు... ఆపమ్మా..."

మెయిన్ స్విచ్ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది.

"చెప్పండి," అన్నాను.

"ఆ పిల్ల తియ్యలేదు! ఉంగరం నా దగ్గరే... నేనే అబద్ధం..."

బెంచీ మీదివాళ్లు లేచి నిలబడ్డారు. అప్పుడు స్విచ్ కట్టేశాను. దీపాలు ఆరిపోయాయి. స్కార్ఫ్ వదులైంది. ఆవిడ దాన్ని అక్కడే వదిలేసి, వానలోకి పరుగెత్తింది.

నా చెల్లెలి మీది మచ్చ పోయింది. ఏడుపొచ్చింది. ఓ ముసలాయన నా భుజం తట్టి, "తోడబుట్టినదానివి, ఎంత క్షోభపడ్డావో తల్లీ," అన్నాడు.

అప్పుడు విన్నాను. కరెంటు లేదు. నాలుగో మిషన్ తిరుగుతూనే ఉంది.

అద్దానికి చెవి ఆనించాను. నీళ్ల చప్పుడులోంచి...

"అక్కా... నువ్వూ చెప్పు..."

ఏం చెప్పాలో నాకు తెలుసు. ఆ రోజు టీచరమ్మ సబ్బుపొడి ముట్టుకునే ముందు ఉంగరం తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకోవడం నేను కళ్లారా చూశాను. ఓనరు అడిగితే "నాకు తెలియదండీ" అన్నాను. చెల్లెల్ని వెనకేసుకొస్తే నా పని కూడా పోతుందని భయం. బుల్లి నా మొహంకేసి చూసింది. నేను బుట్టకేసి చూశాను.

ఆ నలుగురూ నావైపు జాలిగా చూస్తున్నారు. నోరు తెరిచాను... మూసుకున్నాను.

డ్రమ్ము ఆగిపోయింది.

మర్నాడే పని మానేశాను. ఏ మిషన్ జోలికీ పోకుండా, ఇంట్లో బకెట్ పెట్టుకుని చేత్తో ఉతుక్కుంటున్నాను. ఒంటరిదాన్ని, ఎన్ని బట్టలుంటాయి గనక.

ఈ మధ్యాహ్నం పెద్ద దుప్పటి ఉతికాను. తడిసిన దుప్పటి పిండాలంటే ఇద్దరుండాలి. ఒక కొస పట్టుకుని మెలిపెట్టాను. రెండో కొస నేలమీద లేదు... గాలిలో, నడుమెత్తున ఉంది. అటునుంచి ఎవరో ఎదురు మెలి తిప్పుతున్నారు. మెలి నా దాకా వచ్చింది. వేళ్లు దాటింది. మణికట్టు దాటింది...

ఎలా విడిపించుకున్నానో తెలియదు. గదిలోకి వచ్చి గడియ పెట్టుకున్నాను. ఇదిగో, దాచినదంతా ఉన్నదున్నట్టు మీకు చెప్పేశాను. విన్నావా బుల్లీ? చెప్పేశానే.

పెరట్లో ఇంకా ఎవరో దుప్పటి పిండుతున్నారు. నీళ్లు ధారగా కారుతున్న చప్పుడు... గంట నుంచీ ఆగడం లేదు.

ఒక్క దుప్పటిలో అన్ని నీళ్లుండవు.