కేకులావిడ ఇచ్చిన కేకు ఆర్డరు

ఆ వీధిలో ఎవరింట్లో పుట్టినరోజున్నా ముందుగా తెలిసేది కేకులావిడకే. ఆమె వంటింట్లో పొద్దున్నే ఓవెన్ వెలిగిందంటే ఎవరింట్లోనో ఒకరికి ఏడాది నిండుతున్నట్టే లెక్క. ఆ ఓవెన్ తలుపు సరిగ్గా పడక చాలాకాలమైంది. దానికో కుర్చీ ఆనించి, కుర్చీలో పిండి డబ్బా పెట్టి, వేడి బయటికి పోకుండా ఎలాగో నెట్టుకొస్తోంది. కొత్తది కొనడానికి ఇంటిల్లిపాదీ నోరు కట్టుకుని డబ్బు దాచారు. బస్సు డ్రైవరైన మొగుడు సిగరెట్లు కూడా మానేశాడు. మానేసి, ఆ లోటంతా కోపంతో పూడ్చుకుంటున్నాడు.

ఆరోజు ఆమె రెండంతస్తుల కేకు మీద గులాబీలు వేస్తోంది. కూతురితో చదివే పిల్ల పుట్టినరోజు, సాయంత్రం పెద్ద రోడ్డు మీది హాల్లో. కూతురు చిట్టికి కూడా పిలుపుంది. రెండు చేతులూ క్రీములో ఉండగా ఆమె ఫోన్ మోగింది. తియ్యొద్దని ఆమె అరిచేలోపే డ్రైవరు తీసేశాడు.

అవతల ఎవరో బేకరీ కుర్రాడు. మూడంతస్తుల కేకు మీద పాప పేరేం రాయాలని అడిగాడు. డ్రైవరు పకపకా నవ్వాడు. "నంబర్ తప్పు బాబూ. మా ఇంట్లో కేకులు చేసి అమ్ముతారు, కొనరు," అన్నాడు. ఆ కుర్రాడు ఓపిగ్గా తేదీ చెప్పాడు, హాలు పేరు చెప్పాడు, అడ్వాన్సు ముట్టిందన్నాడు. ఆ తేదీ చిట్టి పుట్టినరోజు. ఆ హాలు పెద్ద రోడ్డు మీది హాలే. డ్రైవరు నవ్వు మొహంలోనే బిగుసుకుపోయింది.

"ఓవెన్ డబ్బులేనా?" అన్నాడు ఫోన్ పెట్టేసి.

"అవే," అంది ఆమె, గులాబీ మీంచి చూపు తిప్పకుండా.

ఇక అందుకున్నాడు. మతి ఉండే చేసిందా అన్నాడు. పదహారేళ్ల పిల్లకి హాలేంటి, లైట్లేంటి, ఊళ్ళోవాళ్ళకి విందేంటి అన్నాడు. రేపు ఆ తలుపు ఊడి కాళ్ళ మీద పడితే హాలువాడొచ్చి కేకులు కాలుస్తాడా అన్నాడు. తను మాట్లాడుతున్నంతసేపూ ఆమె గులాబీలు వేసుకుంటూనే ఉండటంతో అతనికి ఒళ్ళు మరింత మండిపోయింది. ఆ మంటలోనే, గదిలోంచి జడ అల్లుకుంటూ వచ్చిన చిట్టి మీద పడ్డాడు. అమ్మని పీక్కుతిని ఇంత పని చేయించావా అని గద్దించాడు.

"నేనడగలేదు నాన్నా. హాల్లో చేస్తాను, అందర్నీ పిలుచుకోమని అమ్మే చెప్పింది," అంది చిట్టి. అది నిజమే. అడగలేదు. ఎంతవుతుందనీ అడగలేదు, ఎక్కణ్ణించి తెస్తావనీ అడగలేదు. మర్నాడే క్లాసంతా తిరిగి పిలిచేసి వచ్చింది.

డ్రైవరు మళ్ళీ పెళ్ళాం వైపు తిరిగాడు. "సరే, హాలంటే నీ పిచ్చి అనుకుంటాను. కేకు బయట చెప్పడమేంటి? ఊరందరికీ చేసిపెడతావు, కన్నకూతురికి చెయ్యడానికి నీ చేతులకేమొచ్చింది?"

అప్పుడు ఆగింది ఆమె చెయ్యి. క్రీము గొట్టం పక్కన పెట్టి, కూతురి కళ్ళలోకి సూటిగా చూసింది.

"నా కేకు పెడితే ఎవరు చేశారని అడుగుతారు. అప్పుడు మీ కూతురు నన్ను చూపించాల్సొస్తుంది. ఎందుకొచ్చిన ఇబ్బంది పాపం."

చిట్టి అల్లుతున్న జడ సగంలో వదిలేసింది.

పోయిన నెల అదే హాల్లో ఇంకో పిల్ల పుట్టినరోజైంది. కేకు పట్టుకుని వెనక సందులోంచి వెళ్ళింది ఆమె. డబ్బులిచ్చేదాకా ఇక్కడే ఉండమని, గిన్నెలు కడిగేచోట నిలబెట్టారు. తలుపు తీసే ఉంది. అవతల చిట్టి స్నేహితురాళ్ళ మధ్య నవ్వుతోంది. తల్లిని చూసింది. చూసి మొహం తిప్పుకుంది. ఆవిడెవరే, నిన్నే చూస్తోందని పక్కపిల్ల అడిగితే, "ఎవరో కేకులావిడ," అంది. నాలుగడుగుల దూరంలో ఉన్న తల్లికి వినబడదనుకుంది కాబోలు. ఆ తల్లి ఆ మాట ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని, ఇప్పుడు మొగుడి ముందు, కూతురి ముందు, ఒక్కొక్క ముక్కా విడమరిచి చెప్పింది. గొంతు కోపంతో మండుతోంది.

డ్రైవరు ఇద్దర్నీ వదల్లేదు. కడుపున పుట్టి అంత మాట ఎలా వచ్చిందే నీకు అని కూతుర్ని అన్నాడు. పెళ్ళాన్ని ఇంకా గట్టిగా అన్నాడు.

"అది సిగ్గుపడిందని హాలు కొనిపెడుతున్నావా? ఇంకాస్త దర్జాగా సిగ్గుపడమనా?"

"మరేం చెయ్యమంటారు?" అంటూ ఆమె బల్ల మీద చరిచింది. "ఆ పిల్లలకున్నవన్నీ దీనికీ ఉంటే, ఒక్కరోజన్నా నన్ను అమ్మా అని పిలుస్తుందనుకున్నాను. నలుగురిలో. నాకు ఓవెన్ ఎందుకండీ? ఎవరికోసం కాల్చుకోవాలి చేతులు?"

అప్పుడొచ్చింది ఆమెకి ఏడుపు. చిట్టి గదిలోకి పోయి తలుపేసుకుంది. డ్రైవరు అన్నం ముట్టకుండా డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆమె కళ్ళు మోచేత్తో తుడుచుకుని మిగతా గులాబీలు వేసింది. ఏం చేస్తుంది, ఒప్పుకున్న పని.

సాయంత్రం టాక్సీ వచ్చింది. రెండంతస్తుల కేకు, కింద చెక్క, ఒక్కరివల్ల కాదు. టాక్సీవాణ్ణే ఓ చెయ్యి వెయ్యమందామని ఆమె గుమ్మంలోకి వెళ్తుంటే, చిట్టి పార్టీ గౌనులో వచ్చి చెక్క అవతలి కొస పట్టుకుంది.

"నువ్వు చుట్టంలా పిలిపించుకున్నదానివి. తర్వాత రా. నాతో రావక్కర్లేదు," అంది తల్లి.

చిట్టి వదల్లేదు. ఇద్దరి ఒళ్ళలోనూ చెక్క పెట్టుకుని టాక్సీలో వెనక కూర్చున్నారు. చిట్టి ముక్కు ఎగబీలుస్తుంటే, "ఏడిస్తే అటు తిరిగి ఏడువు, క్రీము మీద పడుతుంది," అని తల్లి కసిరింది.

హాలు దగ్గర దిగి, అలవాటుగా వెనక సందువైపు తిరిగింది తల్లి. ముందు కొస చిట్టి చేతిలో ఉంది. చిట్టి తిరగలేదు. తిన్నగా ముందు మెట్లకేసి నడిచింది. పళ్ళు బిగించి, వెనకనుంచే వెనకనుంచి, అని తల్లి గొణుగుతూనే ఉంది. కేకు పడిపోతుందన్న భయంతో కూతురి వెంట అడుగులెయ్యక తప్పలేదు.

గుమ్మంలో పుట్టినరోజు పిల్ల తల్లి ఎదురొచ్చింది. "ఇటు కాదమ్మా, వెనకాల తలుపుందిగా, ఎన్నిసార్లు చెప్పాలి," అంటూనే చిట్టిని చూసింది. "అయ్యో, నువ్వు మొయ్యడమేంటమ్మా? ఆవిడ తెచ్చుకుంటుందిలే."

లోపలి పిల్లలందరూ గుమ్మంలోకి చేరారు.

"ఆవిడ కాదు ఆంటీ. మా అమ్మ," అంది చిట్టి. తర్వాత పక్కనున్న పిల్లవైపు తిరిగింది. "ఆరోజు నువ్వడిగితే ఎవరో కేకులావిడ అన్నాను. అబద్ధమాడాను. మా అమ్మ."

ఆ గొప్పింటావిడ మెడలో గొలుసు సర్దుకుంది. "అయితే లోపలికి రండి," అంది చివరికి. ఇప్పటిదాకా వెనకనుంచి రమ్మన్న నోరే. వెనకనుంచి ఓ పిల్ల, నా పుట్టినరోజుకొచ్చిన చాక్లెట్ కేకు కూడా మీరే చేశారా ఆంటీ, రెండు ముక్కలు తిన్నాను అంది. తల్లి తలూపింది.

కేకు బల్ల మీదికి చేరాక చిట్టి అందరికీ ఇంకో మాట చెప్పింది. తన పుట్టినరోజు ఈ హాల్లో కాదట, ఇంట్లోనట. కుర్చీలు చాలవట, సగం మంది నేలమీద కూర్చోవాలట. కేకు అమ్మ చేస్తుందట.

తల్లికి చిర్రెత్తుకొచ్చింది. కూతుర్ని ఓ పక్కకి లాగి, "నన్నడక్కుండా ఎవరు చెప్పమన్నారే నిన్ను? అడ్వాన్సు మొత్తం తిరిగివ్వరు, తెలుసా?" అంది.

"ఎంతిస్తే అంత తీసుకుందాం. నేను కూడా వచ్చి అడుగుతాను."

"తల కొట్టేసినట్టయింది నాకు ఇంతమందిలో."

"నాకు పొద్దున్నించీ అలాగే ఉందమ్మా," అంది చిట్టి. తల్లి మొహం తిప్పేసుకుంది. కోపం ఇంకా పోలేదు. నెలరోజుల కోపం ఒక్క పూటలో ఎలా పోతుంది?

కొవ్వొత్తులు వెలిగించారు. పిల్లలంతా బల్ల చుట్టూ మూగారు. ఇక వెళ్ళొస్తానని తల్లి గుమ్మంకేసి కదిలింది. చిట్టి ఆమె చెయ్యి పట్టుకుంది. వదిలితే అమ్మ మళ్ళీ ఎవరో అయిపోతుందేమోనన్నంత గట్టిగా పట్టుకుంది.

"వదులే, నొప్పెడుతోంది," అంది తల్లి.

"వదలను," అంది చిట్టి.

కేకు కోసేదాకా అలాగే నిలబడ్డారిద్దరూ, అందరి మధ్యా. తల్లి మళ్ళీ వదలమనలేదు.