ఏ ఊరని అడిగేటోడు

దుబాయిల సముద్రం ఒడ్డున, పెద్ద రోడ్డు కింద, నడిచేటోళ్ల కోసం కట్టిన సొరంగం ఒకటున్నది. నున్నటి రాళ్లు, పట్టపగలు లెక్క లైట్లు. దెయ్యాలు చీకట్లనే ఉంటయని చెప్పినోళ్లెవరో దుబాయి చూడలే. పొద్దు గూకిందంటే మన తెలుగు కూలోళ్లు అండ్ల కాలు పెట్టరు. పనిల పడి పడి కాళ్లు వాసినా సరే, చుట్టు తిరిగే పోతరు.

అండ్ల ఎవడో గుసగుసగా అడుగుతడట — "ఏ ఊరు?"

చెప్పొద్దట. చెప్తే వాళ్ల ఎంబడి ఇంటిదాంక వస్తడట.

స్వరాజ్యానికి ఈ ముచ్చట చెప్పింది టూరు బస్సు డ్రైవరు నాగేశం, జగదేవ్‌పూరాయన. స్వరాజ్యం సిద్దిపేటల ఒక ప్రైవేటు బడి పంతులమ్మ. పైసలున్నోళ్ల పిల్లలు ఫారిన్ టూరు పోతుంటే, ఆడపిల్లలకు తోడుగ ఆమెను పంపిన్రు. తతిమ్మా టీచర్లు కుళ్లుకున్నరు. ఆమె వచ్చింది బంగ్లాలు చూడనీకి కాదు. పెనిమిటి రత్నాకర్ ఈ దేశమే వచ్చిండు. రెండేండ్ల సంది ఫోను లేదు. ఉన్నడో, పోయిండో చెప్పే దిక్కు లేదు.

అత్తది మాత్రం రోజూ ఒక్కటే పాట — "వాడు పోయిండే. దినాలు చేద్దాం. ఆ బొట్టు తియ్యి."

"నీ కొడుకు పోయినట్టు చూపెట్టు, నేనే తీస్త. అప్పటిదాంక నా నొసలు దిక్కు చూసినవో, చూడు!"

గిన్నెలు కడిగేటోళ్లకు, రోడ్లూడ్చేటోళ్లకు ఫోన్ల ఫొటో చూపెట్టింది. అందరిదీ ఒకటే మాట — "తెల్వదు మేడం." నాగేశం గూడ అదే అన్నడు. అని, గొంతు తగ్గించి...

"ఆ సొరంగంలోడు గూడ మన దిక్కోడేనంటరు. కాయితాల్లేవు, పేరు తెల్వదు. ఈడనే మన్నుల పెట్టిన్రు. మీరు మాత్రం పిల్లలను పైనుంచే తీస్కరాండ్రి."

ఆ మాట ఆమె చెవుల జొర్రింది. ఇగ ఎల్లలే.

ఆఖరు రాత్రి పిల్లలను బస్సెక్కిచ్చి, ఎంబడొచ్చిన సారుకు అప్పజెప్పి దిగింది.

"టీచర్, ఎటు పోతున్నరు?" కిటికీలకెల్లి శ్రీజ అడిగింది.

"కండ్లద్దాలు మర్సిన బిడ్డా. ఇప్పుడే వస్త."

అద్దాలు ఆమె సంచిలనే ఉన్నయి.

సొరంగం మెట్లు దిగింది. లైట్లు గుయ్యిమంటున్నయి... నరపురుగు లేదు. సగం దూరం పోయిందో లేదో — ఎనుక చెప్పు ఈడ్చిన చప్పుడు.

ఆగింది. చప్పుడు గూడ ఆగింది.

చెవి పక్కన, ఊపిరంత మెల్లగ... "ఏ ఊరు?"

ఆమె ఉరుకలే. గుసగుసకు గొంతేడిది, గుర్తు పట్టనీకి? యాస మాత్రం మనదే. రత్నాకరే అనుకున్నది. అట్ల అనుకోనీకే కదా ఇంత దూరం వచ్చింది!

"సిద్దిపేట," అన్నది. "మనిల్లు యాదికి లేదా? పిండిగిర్ని మీది కిరాయిల్లు. రా... నా ఎంబడి రా. ఈడ ఉన్నది ఇగ చాలు."

ఎనుకకు తిరిగి చూడకుండనే మెట్లెక్కి పైకొచ్చింది.

బస్సెక్కుతుంటే నాగేశం ఆమె మొఖం చూసిండు. "చెప్పిన్రా?" అన్నడు. ఆమె తల దించుకున్నది. ఆయన బస్సు చాలు చేసిండు.

సిద్దిపేటల బస్సు దిగి ఇల్లు చేరేసరికి మళ్ల రాత్రే. గిర్ని బందున్నది. మెట్లెక్కుతుంటే ఆమె ఎనుకనే, మెట్టు మెట్టుకూ... చెప్పు ఈడ్చిన చప్పుడు.

అత్త లోపలి అర్రల పండుకున్నది. తలుపు బార్లా తీసిపెట్టింది. పీట ఏసి పళ్లెంల అన్నం పెట్టింది. ఎదురుంగ కూసున్నది.

"వచ్చినవ్," అన్నది. "నీ అవ్వ మాటే నిజమైంది. ఇగ నీ కోసం గడప దిక్కు చూసే పని లేదు నాకు."

కొంగు తీసుకొని, ఎవ్వరికీ ముట్టనియ్యని బొట్టును తన చేతులతోనే తుడిచేసింది.

దీపం రెపరెపలాడింది. పీట మీదికెల్లి, మొదటిసారి, గొంతు పెగిలింది. ఎన్నడూ విననిది... లేత గొంతు.

"అక్కా... మా ఊరు గిది కాదు."